పెరటిలో విత్తనపు వంశము

దవనపు విత్తనమును అరచేతిలో వేసి చూపినచో, అది విత్తనమని పెక్కుమంది నమ్మరు. నస్యపు పలుకువలె నుండును. ఎదుటివారు ఊపిరి గట్టిగా విడిచినచో ఎగిరిపోవును. మల్లెమాలలో అక్కడక్కడ చేర్చి కట్టెడి ఆ బూడిదవన్నె ఆకు, దారిని పోవువారిని ఒక్క క్షణము నిలువబెట్టు ఆ వాసన, అంత చిన్న పలుకు నుండియే పుట్టుచున్నవి. ఆ విత్తనమునకు మరియొక గుణము కలదు. దానికి ఆయువు తక్కువ. మన ఇండ్ల వేడిలో, వానకాలపు తేమలో ఒక యేడు ఉంచినచో మొలకెత్తు శక్తి చాలవరకు నశించును. ఒక్క ఏడు విత్తనము పట్టుట మరచినచో ఆ పెరటిలో దవనపు వంశము అక్కడికి ముగిసినట్లే.

శ్రోతలారా! వాసన ఆకులను, కంటికి ఇంపైన కూరగాయలను విత్తనము నుండి ఇంట పెంచుకొనుట ఎట్లో ఈ ప్రసంగములో చెప్పదలచితిని. విత్తుట ఎంత ముఖ్యమో, పండిన పిదప విత్తనము పట్టి నిలుపుకొనుటయు అంత ముఖ్యము. నారు కొని నాటినవారికి ఆ ఏటి పంట మాత్రము దక్కును. విత్తనము పట్టినవారు రాబోవు ఏటిని కూడ ఇంటిలో దాచుకొందురు.

మొదట మన ప్రాంతము సంగతి. 2022వ సంవత్సరము వరకు తిరుపతి, చిత్తూరు పట్టణములు ఒకే జిల్లాలో ఉండెను. నేడు పాలనకొరకు జిల్లాలు వేరైనను నేల మారలేదు, వాన మారలేదు. రాయలసీమ యనగానే వాన లేని సీమ యని తలంచుట వాడుక. కాని ఈ దక్షిణపు కొసకు రెండు వానకాలములు గలవు. జూన్ నుండి సెప్టెంబరు వరకు నైరుతి వానలు; అక్టోబరు నుండి డిసెంబరు వరకు ఈశాన్యపు వానలు. బంగాళాఖాతములో వాయుగుండము లేచినచో ఈశాన్యపు వాన ఎంత బలముగా కురియునో తిరుపతివారికి చెప్పనక్కరలేదు. 2021 నవంబరులో పట్టణపు వీధులే ఏరులై పారినవి. కావున మన పెరటికి విత్తుబడి కాలములు రెండు. ఆరుద్ర కార్తె నాటి నుండి తీగలు, చిక్కుళ్ళు, బెండ, గోంగూర వేయవచ్చును. పెద్ద వానలు వెనుకపట్టిన పిదప, అనగా అనూరాధ కార్తె ప్రాంతమున, కొత్తిమీర, మెంతి, ముల్లంగి, దవనము వేయవలెను. సన్న విత్తనములను అంతకు ముందే చల్లినచో ఒక్క రాత్రి వానకు మడి దాటి వీధికాలువలో చేరును.

ఎత్తును బట్టి కూడ కాలము మారును. తిరుపతి కొండ దిగువన పల్లములో నున్నది. మదనపల్లె సుమారు 700 మీటర్ల ఎత్తున నున్నది. టమాటా పూవు నిలిచి పిందె కట్టుటకు రాత్రులు చల్లగా నుండవలెను. తిరుపతిలో ఏప్రిల్, మే నెలల టమాటా చెట్టు పచ్చగా నుండియే పూవు రాల్చుటకును, అదే వేసవిలో మదనపల్లె బజారునకు బండ్లకొలది టమాటా వచ్చుటకును ముఖ్యకారణము ఈ చల్లదనమే. కావున మదనపల్లెలో ఉన్న బంధువులు ఏ నెలలో వేసిరో అడిగి, అదే నెలలో తిరుపతిలో వేయుట సరికాదు. టమాటా నారును మనము కార్తికములో పోసికొన్నచో చలిదినములలో కాయను కోసికొందుము.

మన నేల ఎక్కువగా ఎర్రనిది. ఇసుక పాలు హెచ్చు. నీరు నిలువదు, సత్తువయు తక్కువ. రెండు పాళ్ళ మట్టికి ఒక పాలు బాగుగా చివికిన పేడయెరువు కలిపినచో రెండు లోపములును తగ్గును. పచ్చి పేడ వేయరాదు. అది చివుకునప్పుడు పుట్టు వేడికి లేతవేరు మాడిపోవును, చెదలును చేరును. పెరడు లేనివారు మిద్దెపై మట్టితొట్లలో ఇవన్నియు పెంచవచ్చును. తొట్టి అడుగున రంధ్రము, దానిపై ఒక పెంకు ముక్క ఉండిన చాలును. ఆకుకూరకు జానెడు లోతు, వంగ, మిరపలకు మూరెడు లోతు మట్టి కావలెను.

విత్తనము చల్లుటకు ముందు దానిని పరీక్షింపుడు. ఇరువది గింజలను తడిగుడ్డలో చుట్టి, గుడ్డ ఆరకుండ నీడలో ఉంచవలెను. మెంతి, ముల్లంగి 3, 4 దినములలో మొలకెత్తును. మిరపకు వారము పైగా పట్టును. ధనియాలకు రెండు వారములు కూడ పట్టవచ్చును. ఇరువదింట పదునారు మొలచినచో మంచి విత్తనము. పది మొలచినచో రెట్టింపు చల్లవలెను. అయిదు కూడ మొలవనిచో వేరు విత్తనము వెదకుడు. ఈ చిన్న పరీక్ష చేయనందుననే, నెల దినములు ఖాళీ మడికి నీరు పోసి, చివరకు నేలను నిందించువారు గలరు.

ఎంత లోతున విత్తవలెనను ప్రశ్నకు సులభమైన సమాధానము: గింజ మందమునకు రెండు మూడింతల లోతు. చిక్కుడు గింజను వ్రేలి కణుపు లోతున పెట్టవచ్చును. తోటకూర, తులసి, దవనము వంటివానిని మడిపై చల్లి, పైన సన్నని ఇసుక పలుచగా రాల్చిన చాలును. చెంబుతో నీరు గుమ్మరింపక, చేతివ్రేళ్ళ సందులనుండి గాని, చిల్లుల డబ్బాతో గాని చిలుకరింపవలెను. విత్తిన తరువాత తోటకూర గింజలను చీమలు వరుసగట్టి మోసికొనిపోవును. గింజలలో కొంచెము బియ్యపు రవ్వ కలిపి చల్లినచో చీమలు ముందు రవ్వను పట్టుకొనిపోవును. ఆ లోపల గింజ మొలచును. పిచ్చుకలు, కోళ్ళు దిగకుండ మడిపై నాలుగు కంపలు పరచుడు.

ఇక వాసన ఆకులు. కొత్తిమీరకు వంటింటి ధనియాలే చాలును. అవి క్రొత్తవై, పురుగు పట్టనివై యుండవలెను. మనము ఒక గింజ యనుకొను ధనియము నిజమునకు రెండు గింజల జోడు. అరచేతితో గాని చెప్పుతో గాని మెల్లగా నలిపి రెండు బద్దలు చేసి, రాత్రి నానబెట్టి, ఉదయము చల్లవలెను. గట్టిగా నూరినచో గింజ చచ్చును. చలికాలములో ఆరు వారములకు ఆకు కోతకు వచ్చును. ఎండ ముదిరినచో కొత్తిమీర ఆకు వేయుట మాని పూతకు పోవును. అది చెట్టు తప్పు కాదు. బ్రదుకు కష్టమని తెలిసినప్పుడు సంతానము కొరకు తొందరపడుట మొక్కల స్వభావము. వేసవిలో ఆకు కావలసినవారు నీడపట్టున, పది దినములకొక చిన్న వరుస చొప్పున విత్తవలెను. మెంతి ఇంతకంటె సులభము. మూడు నాలుగు వారములలో వేరుతో పెరికి వండుకొనవచ్చును.

తులసికి ఎండిన కంకులను చేతితో నలిపి చల్లిన చాలును. దానికి దాయాదియైన సబ్జా గింజ నీటిలో పడగానే చుట్టును జిగురు పొర కట్టుకొనునని పానకము చేయువారందరికిని తెలియును. ఆ జిగురు చలువపానీయము కొరకు పుట్టినది కాదు. ఒక్క వాన చినుకును పట్టి నిలుపుకొని మొలకకు తేమ నిచ్చుటకు గింజ పన్నిన ఉపాయమది. కావున సబ్జా గింజలను నానబెట్టి చల్లరాదు. ఒకదానికొకటి అంటుకొని ముద్ద యగును. పొడిగా చల్లి తడుపవలెను.

దవనపు విత్తనమును మాత్రము ఇసుకతో కలిపి, తడిగుడ్డలో రెండు దినములుంచి, మొలక కదలిన పిదప నారుమడిలో చల్లుదురు. నారు 10 సెంటీమీటర్ల ఎత్తునకు వచ్చినప్పుడు జానెడు దూరమున నాటవలెను. నవంబరులో చల్లినది చలి దాటుసరికి పూతకు వచ్చును. మరువము, పుదీన, వాము వాసన వచ్చు దళసరి ఆకుల కర్పూరవల్లి, వీనికి విత్తనమును వెదకి శ్రమపడవలదు. కొమ్మ త్రుంచి నాటిన అంటుకొనును. అన్నిటికిని ఒకే మార్గము లేదని తెలిసికొనుటయే తోటపనిలో మొదటి పాఠము.

కూరగాయకు వంటింటిలోనే గాని వాకిట చోటు లేదని కొందరి అభిప్రాయము. పందిరిపై పొట్లతీగను ఒకసారి సంధ్యవేళ చూచినచో ఆ అభిప్రాయము మారును. తెల్లని దారపు కుచ్చులవలె అంచులు చీలిన ఆ పూవు చీకటి పడగా విచ్చును. సొర తెల్లగా, బీర పచ్చగా అదే వేళకు పూచును. బెండపూవు మందారమునకు చుట్టమే. లేతపసుపు రేకులు, నడుమ ముదురెరుపు మచ్చ. ఎర్రకాడల తీగబచ్చలిని కిటికీ కమ్మీకి ప్రాకించినచో తెరగుడ్డతో పనిలేదు. దాని పండ్లు నేరేడు రంగున మెరయును. ఎర్రతోటకూర ఒక వరుస, మెంతి ఒక వరుస వేసినచో వాకిట రంగవల్లి పచ్చగా మొలచినట్లుండును. ఊదా పూల చిక్కుడు, ఆకాశము వైపు కాయలు నిలిపెడి మిరప, తెలుపును ఊదాయు చారలుగా గల వంగ, వీనిని చూచుటకు పూలతోటకు పోనక్కరలేదు. పొట్లకాయ చివర చిన్న రాయి కట్టినచో వంకర పోక నిటారుగా దిగును. ఇది మన పెద్దలెరిగిన ఉపాయమే.

అనపకాయ మాట ప్రత్యేకముగా చెప్పవలెను. కోస్తావారికి ఆనపకాయ యనిన సొరకాయ. మన చిత్తూరు సీమలో అనపకాయ యనిన చిక్కుడు జాతి గింజకాయ. సంక్రాంతి దినములలో ఆ గింజలను నానబెట్టి, తోలు పితికి వండు పితికిపప్పు లేనిదే చలికాలము గడచినట్లు కాదు. మన పాత అనప రకములకు ఒక నియమము కలదు. జూన్‌లో విత్తినను, ఆగస్టులో విత్తినను, పగళ్ళు కురుచయైన పిదపనే అవి పూచును. చెట్టు పగటి పొడవును కొలుచుకొనును. ఏడాది పొడవున కాయవలెనని అంగడికొరకు తయారైన రకములలో ఈ నియమము తీసివేయబడినది. అవి ఉపయోగకరములే. కాని వాని వెంట పాత రకము పోయినచో దాని రుచియు, వాసనయు పోవును. దానిని తిరిగి తెచ్చుటకు ఎవరి ఇంటనో ఒక పిడికెడు గింజ మిగిలియుండవలెను.

అందుచేత విత్తనము పట్టుట ఎట్లో వినుడు. మంచి చెట్టును ముందుగానే ఎన్నుకొని దానికొక దారము కట్టవలెను. మొదటి మంచి కాయలను కోయక విత్తునకు విడువవలెను. సామాన్యముగా మనము చేయునది దీనికి విరుద్ధము: మంచివన్నియు వండుకొని, ముదిరి పుచ్చి మిగిలినదానిని విత్తనమునకు ఉంచుదుము. వంగకాయను చెట్టుననే పసుపుబారనిచ్చి, గుజ్జును నీటిలో పిసికినచో గట్టి గింజలు అడుగునకు దిగును. టమాటా గుజ్జును ఒకటి రెండు దినములు గిన్నెలో పులియనిచ్చి కడిగినచో గింజ చుట్టునున్న జిగురు వదలును. బీరకాయ తీగపైననే ఎండి గలగల లాడవలెను. చిక్కుడు, అనప, మెంతి కూడ చెట్టుననే ఎండవలెను.

సొర, బీర, పొట్ల, కాకర తీగలలో మగపూవు వేరు, ఆడపూవు వేరు. ఇరుగుపొరుగున అదే జాతిలో వేరు రకమున్నచో పురుగులు ఒకదాని పుప్పొడిని మరియొకదానికి చేర్చును. బీరపూవు పుప్పొడి సొరకు పనికిరాదు గాని, ఒక సొర మరియొక సొరతో కలియును. రకము చెడకుండుటకు, పూవు విచ్చుటకు ముందే ఆడమొగ్గను, మగమొగ్గను దారముతో కట్టివేయవలెను. విచ్చు వేళకు దారము విప్పి, మగపూవును త్రుంచి ఆడపూవునకు అద్ది, మరల కట్టవలెను. ఆ పిందెకు ఒక గుర్తు. ఈ పనిని పదేండ్ల పిల్లలు మనకంటె ఓపికగా చేయుదురు. ఇక్కడ ఒక హెచ్చరిక. అడవిసొర కలిసినందున గాని మరి యే కారణమున గాని కాయ చేదెక్కినచో దానిని విత్తునకు ఉంచరాదు, తినరాదు, రసము అసలే త్రాగరాదు. ఆ చేదు విషము. ప్రాణములు పోయిన సందర్భములు కూడ ఉన్నవి. విత్తునకు విడుచు తీగనుండి ముందొక లేతకాయను కోసి, ఒక్క ముక్క నాలుకకు తాకించి చూచి, చేదున్నచో ఉమియుడు.

దాచుటలో తెలియవలసిన సూత్రము చిన్నది. విత్తనమునకు శత్రువులు తేమ, వేడి. గింజలోని తేమ నూటికి ఒక పాలు తగ్గినప్పుడెల్ల ఆయువు రెట్టింపగునని, నిలువచోటి వేడి సుమారు 5 డిగ్రీలు తగ్గినప్పుడెల్ల మరల రెట్టింపగునని అమెరికా విత్తనశాస్త్రజ్ఞుడు హారింగ్టన్ ఒక లెక్క చెప్పెను. ఎండుదేశమైన ఇశ్రాయేలులో మసాదా కోట త్రవ్వకములలో దొరికిన సుమారు రెండువేల యేండ్లనాటి ఖర్జూరపు గింజ 2005లో మొలచుటకు ఆ ఎండుతనమే తోడ్పడెను. మన అవ్వలు ఈ లెక్క చదువలేదు. కాని విత్తనమును బూడిదలో కలిపి కుండలో పెట్టి, వాసెన గట్టి, చల్లని మూలను ఉంచిరి. బూడిద తేమను పీల్చును, పురుగును ఆపును. పప్పుజాతి గింజలకు ఆముదము పట్టించుటయు అట్టిదే. నేడు గట్టిమూత గల సీసా, రిఫ్రిజిరేటరు ఉన్నవారు వానిని వాడవచ్చును. కాని ముందుగా గింజను నీడన బాగుగా ఆరబెట్టవలెను. సీసాపై పేరును, సంవత్సరమును వ్రాసి అంటింపుడు. దవనము, ఉల్లి వంటివానిని ఏటేట మార్చవలెను. టమాటా, వంగ పొడిచోట నాలుగైదేండ్లు నిలుచును.

అంగడి పొట్లముల సంగతి కూడ చెప్పవలెను. పొట్లముపై సంకరరకము, హైబ్రిడ్ అని ఉన్నచో ఆ పంట విత్తనము మరల వేసినప్పుడు తల్లిని పోలిన మొక్కలే రావు. పిల్లలు పలు విధములగును. అందులో మోసము లేదు. అది సంకరపు స్వభావము. విత్తనము పట్టదలచినవారు సంకరము కాని రకమును అడిగి తీసికొనవలెను. టమాటాలో పూసా రూబీ, మిరపలో పూసా జ్వాల అట్టివి. ఆ పూసా బీహారులోని ఒక ఊరు. 1905లో అక్కడ నెలకొని, 1934 నాటి భూకంపమున దెబ్బతిని, 1936లో ఢిల్లీకి తరలిన వ్యవసాయ పరిశోధనాలయము తన రకములకు ఆ ఊరి పేరు నిలుపుకొన్నది. తిరుపతిలో 1961లో స్థాపితమైన శ్రీ వేంకటేశ్వర వ్యవసాయ కళాశాల మనకు చేరువలోనే ఉన్నది. సందేహములున్నవారు అక్కడి పెద్దలను అడుగవచ్చును. ఎర్రగనో, నీలముగనో రంగు పూసిన గింజలకు మందు పట్టించి యుందురు. వానిని వంటకు తాకనీయరాదు. రైతు తన పంట విత్తనమును దాచుకొనుటకు, వేయుటకు, ఇతరులకిచ్చుటకు గల హక్కును 2001 నాటి చట్టము మన దేశమున గుర్తించినది. హక్కు ఉన్నది, దానిని వాడుకొను అలవాటు తగ్గుచున్నది.

విత్తనమును నిలుపుటకై మనుష్యులు ఎంతవరకు పోయిరో ఒక్క సంగతి చెప్పుదును. రష్యా దేశమున వావిలోవ్ అను శాస్త్రజ్ఞుడు లోకమంతయు తిరిగి సేకరించిన విత్తనములు లెనిన్‌గ్రాడు నగరములో ఉండెను. 1941 నుండి 1944 వరకు ఆ నగరము శత్రువుల ముట్టడిలో చిక్కి ఆకలితో అలమటించెను. ఆ విత్తనములకు కాపలాగానున్న శాస్త్రజ్ఞులలో కొందరు, చుట్టును ధాన్యపు పెట్టెలుండగా ఒక్క గింజ ముట్టక, ఆకలితో ప్రాణములు విడిచిరి. అంత త్యాగము మనలను ఎవరును అడుగుట లేదు. ఒక బీరకాయను కోయక తీగపై ఉంచుట మాత్రమే మనము చేయవలసినది.

మన కొండపైననే ఇంకొక ఉదాహరణము కలదు. రామానుజుల శిష్యుడైన అనంతాళ్వారు తిరుమల చేరి స్వామి మాలలకొరకు తోట వేసెను, చెరువు త్రవ్వెను. నిండుచూలాలైన భార్య మట్టి మోయుచుండగా బాలుడొకడు సాయపడెననియు, అది ఇష్టము లేని అనంతాళ్వారు గునపము విసరగా ఆ బాలుడే స్వామియై గడ్డమున గాయముతో కనిపించెననియు స్థలపురాణము. ఆ గునపమును మహాద్వారము వద్ద నేటికిని యాత్రికులు చూచుచున్నారు. కథను భక్తితో వినువారు వినవచ్చును. తోటవానిగా వినువారికి మాత్రము ఒక మాట తోచును: తొమ్మిది వందల యేండ్లుగా ఆ కొండపై తులసి, దవనము, మరువము మాలలలోనికి వచ్చుచున్నవనిన, ప్రతి ఏడును ఎవరో ఒకరు విత్తనము పట్టిరి, ఎవరో ఒకరు కొమ్మ నాటిరి. నడుమ ఒక తరమువారు ఊరకున్నను ఆ వరుస తెగిపోయెడిదే.

మన ఇండ్లలో ఆ వరుస తెగుచున్నది. అవ్వ పోయిన ఇంట విత్తనపు కుండ అటుకపైననే ఉండును. దానిలోని గింజ ఏ తీగదో, ఏ కార్తెలో వేయవలెనో చెప్పువారుండరు. రెండు మూడేండ్లు గడచుసరికి పెక్కు గింజలు మొలవవు. కావున ఇంటిలో పెద్దలున్నవారు ఈ వారమే ఆ కుండ దింపించి, పేర్లు అడిగి, చీటీలపై వ్రాసికొనుడు. తడిగుడ్డ పరీక్ష చేయుడు. మొలచినవానిలో సగము మీ పెరటిలో వేసి, సగము పొరుగింటివారికిండు. మీ తీగ తెగులుతో పోయిన ఏడు, ఆ గింజ వారి ఇంటినుండి మీకు తిరిగి వచ్చును.